కాలిన కవిలెలు: ఉత్తరాంధ్రలో నిప్పు, దస్త్రం, నకలు

రెండు వందల ఏళ్ళ కిందట శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో దస్త్రం అంటే ఎక్కువగా తాటాకే. ఊరి భూముల లెక్క, శిస్తు వివరం, మాన్యాల జాబితా, గట్టు తగాదాల్లో పెద్దలు చెప్పిన తీర్పు అన్నీ కరణం గంటంతో ఆకు మీద గీసి కట్టిన కవిలెల్లో ఉండేవి. వాటికి వేరే గది ఉండేది కాదు. కరణం ఇల్లే కచేరీ. కవిలె కట్టలను గుడ్డలో చుట్టి అటక మీద, వంటింటి పొగ తగిలే చోట పెట్టేవారు. పొగ తగిలితే పురుగు పట్టదు, చెమ్మ చేరదు. అయితే ఆ అటకకు పైన తాటాకు కప్పు, కింద పొయ్యి. ఈ ప్రాంతపు పూరిళ్ళు ఒకదానికొకటి ఆనుకుని వరసగా ఉండేవి. ఎండాకాలంలో పడమటి గాలి వీచే మధ్యాహ్నం ఒక కప్పు అంటుకుంటే వీధి మొత్తం బూడిదయ్యేది. ఆ వీధిలో కరణం ఇల్లుంటే ఊరి పాత లెక్క కూడా దానితో పోయేది.

కాలిన దస్త్రాన్ని మళ్ళీ నిలబెట్టే ప్రయత్నం ఈ దేశంలో కొత్తది కాదు. దానికి చాలా పాత సాక్ష్యం కళింగానికి పడమటి పొరుగైన దక్షిణ కోసలలో, నేటి ఛత్తీస్‌గఢ్‌లోని కురూద్‌లో దొరికింది. అది శరభపురీయ రాజు నరేంద్రుడు తన 24వ పాలనా సంవత్సరంలో, 5వ శతాబ్ది చివరో 6వ శతాబ్ది మొదటో వేయించిన రాగి శాసనం. అందులోని విషయం స్పష్టంగా ఉంది. అంతకుముందు ఒక ప్రభువు కేశవకమనే గ్రామాన్ని భాశ్రుతస్వామి అనే బ్రాహ్మణుడికి తాళపత్రం మీద రాసి దానమిచ్చాడు. ఇంట్లో నిప్పంటుకుని ఆ పత్రం కాలిపోయింది. ఊరు మాత్రం ఆ కుటుంబం అనుభవంలోనే ఎడతెగకుండా ఉందని అధికరణం, అంటే ఆనాటి కచేరీ, విచారించి తేల్చింది. ఆ మీదట నరేంద్రుడు దానగ్రహీత కొడుకు శంఖస్వామి పేర అదే దానాన్ని రాగి రేకుల మీద మళ్ళీ రాయించాడు. పత్రం పోయిందని హక్కు పోలేదు. ముందు అనుభవాన్ని రుజువు చేశారు, తర్వాత కొత్త పత్రం ఇచ్చారు, ఈసారి అంత తేలిగ్గా కాలని వస్తువు మీద ఇచ్చారు.

7వ శతాబ్దిలో కామరూప (నేటి అస్సాం) రాజు భాస్కరవర్మ నిధన్‌పూర్ శాసనం ఇంకో చిక్కును కూడా గుర్తించింది. తన పూర్వీకుడైన భూతివర్మ ఇచ్చిన రాగి రేకులు అగ్నికి ఆహుతైతే భాస్కరవర్మ వాటిని మళ్ళీ రాయించాడు. పాత దానం కొత్త లిపిలో కనబడితే దొంగ శాసనమని అనుమానించేవారు ఉంటారు కదా. అందుకే రేకులు కాలిన తర్వాత రాసినందువల్ల అక్షరాల తీరు వేరుగా ఉందని, ఇది కూట శాసనం కాదని శాసనంలోనే చెప్పించాడు. కాలిన దస్త్రానికి బదులు తయారుచేసిన ప్రతి తాను బదులు ప్రతినని తానే చెప్పాలన్న నియమం అంత పాతది.

కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల దానాల్లో నేటిదాకా మిగిలినవి ఎక్కువగా రాగి మీదివి, రాతి మీదివే. శ్రీముఖలింగం, శ్రీకూర్మం ఆలయాల శాసనాలు దక్షిణ భారత శాసన సంపుటాల్లో ఐదో సంపుటంలోనూ, సింహాచలం శాసనాలు ఆరో సంపుటంలోనూ అచ్చయ్యాయి. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ ముఖలింగం గోడల మీద పాత లిపులు సొంతంగా నేర్చుకున్న గిడుగు రామమూర్తి నడగాం రాగి రేకులను చదివి ఎపిగ్రాఫియా ఇండికా నాలుగో సంపుటంలో ప్రకటించారు. అవి వజ్రహస్తుడివి, శక సంవత్సరం 979 నాటివి, అంటే క్రీ.శ. 1057–58 ప్రాంతానివి. రాగి కరగడానికి 1,085 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. పూరిల్లు కాలిన మంటలో రేకు వంగవచ్చు, పైన నల్లటి ఆక్సైడు పొర కట్టవచ్చు, ముద్ర ఉన్న కడియం అతుకు విడిపోవచ్చు. లోతుగా చెక్కిన అక్షరం మాత్రం సాధారణంగా నిలుస్తుంది. ఇలాంటి రేకుకు అసలు ప్రమాదం చాలాసార్లు నిప్పు ఆరాకే వస్తుంది. ఎర్రగా మెరవాలని చింతపండు, ఇసుక వేసి తోమితే మంటకు నిలిచిన అక్షరం తోముడుకు అరిగిపోతుంది.

బొబ్బిలి సంగతి వేరు. 1757 జనవరి 24న విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ కలిసి బొబ్బిలి కోట మీద పడ్డారు. ఇక కోట నిలవదని తేలాక లోపలివారు తమ ఇళ్ళకు తామే నిప్పు పెట్టుకున్నారు. ఆడవారు, పిల్లలు ఆ రోజే మంటలకు, కత్తులకు బలయ్యారు. బొబ్బిలి ప్రభువు రంగారాయుడు పోరులో మరణించాడు. ఆ రోజు గురించి ఇప్పుడు చదవగలిగేదంతా దాదాపుగా కోట గోడకు బయట పుట్టిందే. ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ ఫ్రెంచి, ఇంగ్లీషు సమాచారం కూర్చి తన సైనిక చరిత్రలో దాన్ని వివరంగా రాశాడు. ఊరూరా పాడుతూ వచ్చిన బొబ్బిలి కథ జనం నోట నిలిచింది. మంటల్లోంచి బయటపడిన చిన్న రంగారాయుడితో వంశం నిలబడి, కంపెనీ కాలంలో సంస్థానం తిరిగి దక్కింది. ఆ వంశానికే చెందిన మహారాజా వేంకట శ్వేతాచలపతి రంగారావు 1891లో యుద్ధభూమిలో స్మారక స్తంభం నిలిపారు. తర్వాత ఇంగ్లీషులో సంస్థాన చరిత్ర రాశారు. దాని విస్తరించిన కూర్పు 1907లో వచ్చింది.

ఈ మూడు ఆధారాల్లో ఒక్కోదాని బలం ఒక్కో చోట. తేదీలు, బలగాల కదలిక ఆర్మ్ రచనలో గట్టిగా ఉంటాయి. మనుషుల పేర్లు, చుట్టరికాలు, పౌరుషాలు పాటలో ఉంటాయి. వంశక్రమం సంస్థానం పుస్తకంలో ఉంటుంది. కోట కూలిన మూడో రాత్రి విజయరామరాజు తన డేరాలోనే హతమైన సంగతి మాత్రం పరాయి చరిత్రకారుడూ, పల్లె గాయకుడూ ఇద్దరూ చెప్పారు. పరాయివాడు రాసిందీ, సొంతవారు పాడిందీ ఒక్కచోట కలిస్తే చరిత్రకారుడికి అంతకు మించిన ఊతం లేదు. కాలిపోయిన చోటి చరిత్రను కాలని చోట్ల నుంచి కూర్చుకోవడానికి తెలుగు నేల మీద బొబ్బిలిని మించిన ఉదాహరణ కనబడదు.

19వ శతాబ్దిలో దస్త్రాలు పోకముందే నకళ్ళు తీసే పని ముందుచూపుతో మొదలైంది. కల్నల్ కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య తదితరులు ఊరి కరణాల దండకవిలెల నుంచి, గుడుల శాసనాల నుంచి కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు, రాయించి సేకరించారు. 1821లో మెకంజీ చనిపోయాక ఆ కాగితాలు తేమకు, పురుగుకు చివికిపోసాగాయి. తెలుగు భాగాన్ని సి.పి. బ్రౌన్ శ్రద్ధపెట్టి మళ్ళీ నకలు రాయించి సంపుటాలుగా కట్టించాడు. మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో స్థానిక చరిత్రలన్న పేరుతో నిలిచినవి అవే. కరణం ఇంటి అటక మీది మూల కవిలె ఎప్పుడో కాలిపోయినా, మెకంజీ మనుషులు ఆ ఊరికి వెళ్ళి ఉంటే దాని సారం బతికే ఉంటుంది. అయితే ఇది సారమే. కైఫీయతు రాసిన వ్యక్తి తనకు కావలసిన రాజుల వరసను, గుడి కథను ఏరుకున్నాడు. ఏ మడికి ఏ గట్టు, ఏ చెరువుకు ఎంత ఆయకట్టు అన్నది చాలాసార్లు వదిలేశాడు. రైతు బతుకు చరిత్రకు ఆ వదిలేసినదే ముఖ్యం. ఆ నష్టం పూడదు.

కంపెనీ కచేరీల పద్ధతి వల్ల తెలియకుండానే మరో మేలు జరిగింది. కలెక్టరు రాసిన ఉత్తరానికి జిల్లాలో ఒక నకలు ఉండేది. అది రెవెన్యూ బోర్డుకు చేరి అక్కడి కార్యవాహిలో మళ్ళీ రాయబడేది. మద్రాసు ప్రభుత్వ కార్యవాహి నకళ్ళు లండన్‌కు వెళ్ళేవి. అందువల్ల జిల్లా కచేరీలో కాలిన కాగితం చెన్నైలోని ఎగ్మూరు ఆర్కైవ్స్‌లోనో, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలోనో దొరికే అవకాశం ఉంది. 1832లో పాలకొండ, పర్లాకిమిడి అలజడుల మీద ప్రత్యేక కమిషనరుగా వచ్చిన జార్జి రసెల్ నివేదికలను మద్రాసు ప్రభుత్వం తర్వాత అచ్చు కూడా వేయించింది. ఇలాంటి నకలు వెతికేవారికి ఈ ప్రాంతపు సరిహద్దుల చరిత్ర తెలియాలి. టెక్కలి, సోంపేట, శ్రీకాకుళం 1936 దాకా గంజాం జిల్లా, తర్వాత 1950 దాకా విశాఖపట్నం జిల్లా. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి, 1979లో విజయనగరం జిల్లాలోకి వచ్చాయి. 2022లో పార్వతీపురం, సాలూరు మన్యం జిల్లాకు వెళ్ళాయి. ఒకే ఊరి కాగితం మూడు నాలుగు ఊళ్ళలో ఉంటుంది. వెతికేవారికి ఇది శ్రమే, కానీ నిప్పు నుంచి కాపాడింది కూడా ఈ చెదిరిపోవడమే.

కావాలని పెట్టిన మంటలూ ఈ చరిత్రలో ఉన్నాయి. 1968 నవంబరు 25న పార్వతీపురం ఏజెన్సీలోని పెదగొట్టిలిలో పలు గూడేల నుంచి వచ్చిన గిరిజనులు ఒక భూస్వామి, వడ్డీ వ్యాపారి ఇంటి మీద పడి ధాన్యం పంచుకుని ప్రోనోట్లు తగలబెట్టారు. శ్రీకాకుళ ఉద్యమంలో ఇలాంటివి మరికొన్ని జరిగాయి. వేలిముద్ర వేసిన ఆ కాగితమే గిరిజనుడి పొలాన్ని, పంటను, వెట్టిని కట్టిపడేసిన తాడు. దాన్ని కాల్చడం ఆనాటివారికి విడుదల. ఆ పనిలోని న్యాయాన్ని గుర్తిస్తూనే చరిత్రకారుడు మరో సంగతి చూడాలి. తీసుకున్నది ఎన్ని కుంచాలు, రాయించుకున్నది ఎన్ని పుట్లు, వడ్డీ ఎంత అని చెప్పే దోపిడీ సాక్ష్యం కూడా ఆ మంటలోనే పోయింది. దాన్ని ఇప్పుడు పోలీసు చార్జిషీట్ల నుంచి, 1976లో తీర్పు వచ్చిన పార్వతీపురం కుట్ర కేసు కాగితాల నుంచి, గిరిజన భూముల బదలాయింపు నిబంధనల కింద నడిచిన కేసుల నుంచి, ఆనాటివారి జ్ఞాపకాల నుంచి ఏరుకోవలసి ఉంటుంది.

కాలి మిగిలిన వస్తువునే కాపాడే పని దీనికి భిన్నమైనది. గట్టిగా బిగించి కట్టిన తాటాకు కట్ట ఒక్కసారిగా కాలదు. లోపలికి గాలి చొరదు గనుక అంచుల నుంచి మసి మెల్లగా లోపలికి పాకుతుంది. ఆకుకు రెండు వైపులా ఖాళీ వదిలి రాసే ఆచారం వల్ల నిప్పు మొదట ఆ ఖాళీనే తింటుంది, అక్షరం దాకా రావడానికి సమయం పడుతుంది. నష్టం మరో చోట జరుగుతుంది. ఆకు సంఖ్య వేసేది ఎడమ అంచునే. అంచు కాలితే పాఠం మిగిలినా వరస పోతుంది. కట్ట తాడు కాలి ఆకులు చెల్లాచెదురైతే ఏది ముందో ఏది తర్వాతో తెలియదు. అప్పుడు మంటే దారి చూపుతుంది. పక్కపక్క ఆకుల మీద కాలిన అంచు గీత దాదాపు ఒకేలా ఉండి, పోను పోను కొద్దికొద్దిగా మారుతుంది. ఆ గీతలను సరిపోల్చి, పాఠంతో సరిచూసుకుంటూ వరస మళ్ళీ పేరుస్తారు. అందుకే శిథిలాల్లో దొరికిన కట్టను అక్కడికక్కడే విప్పకూడదు. ఎక్కడ, ఏ వైపుకు పడి ఉందో ఫొటో తీసి, పలక మీదికి అలాగే జరిపి తీసుకెళ్ళాలి. గంటంతో గీసిన గాడి ఆకు నల్లబడ్డాక కూడా ఉంటుంది. గాడిలో నింపిన మసికీ కాలిన ఆకుకూ రంగులో తేడా ఉండదు కాబట్టి కొత్తగా మసి పూయడం వృథా. పక్క నుంచి ఏటవాలుగా వెలుగు పడేలా దీపం పెడితే గాడి నీడ పడి అక్షరం పైకి కనబడుతుంది.

కాగితానికి మరో లెక్క. పూర్తిగా మాడిన కాగితం అప్పడంలా ముట్టుకుంటే పొడి అవుతుంది. దాన్ని చదవగలమా అన్నది సిరా మీద ఆధారపడుతుంది. కంపెనీ కచేరీల్లో వాడిన ఇనుప సిరాలో లోహం ఉంటుంది, కాగితం మాడినా దాని ఆనవాలు మిగిలి పరారుణ కాంతిలో తీసిన ఫొటోలో అక్షరం తేలే అవకాశం ఎక్కువ. దీపపు మసితో చేసిన నాటు సిరా అయితే నలుపు మీద నలుపు. అక్కడ మెరుపులోని తేడానే చూసుకోవాలి. అమెరికా ప్రమాణాల సంస్థలో రేమండ్ డేవిస్ 1922లోనే మరో దారి చూపాడు. మాడిన కాగితాన్ని చీకట్లో ఫొటో ప్లేటుకు ఆనించి కొన్ని రోజులుంచితే రాత ఉన్న చోటుకూ లేని చోటుకూ ప్లేటు మీద తేడా పడుతుంది. నేడు అనేక తరంగదైర్ఘ్యాల్లో తీసే చిత్రాలు ఆ పనిని చాలా ముందుకు తీసుకెళ్ళాయి.

ఈ తీరప్రాంతంలో నిప్పు కంటే నీళ్ళ వల్ల పోయే దస్త్రాలు ఎక్కువ కావచ్చు. ఫైరింజన్ నీటిలో నానిన కట్టలు ఇక్కడి ఉక్కలో రెండు రోజుల్లో బూజు పడతాయి. ఎండలో ఆరబోస్తే కాగితాలు ముడతలు పడి, సిరా ఊరి, ఒకదానికొకటి అంటుకుపోతాయి. కొద్దిపాటి కాగితాలైతే నీడలో, ఫ్యాను గాలికి, మధ్యలో అద్దుడు కాగితం మార్చుతూ ఆరబెట్టవచ్చు. వేల దస్త్రాలైతే బూజు పట్టకముందే గడ్డకట్టించి, తర్వాత ఆరబెట్టడమే మార్గం. 1973 జులై 12న అమెరికాలోని సెయింట్ లూయిస్ సైనిక సిబ్బంది దస్త్రాల కేంద్రం కాలినప్పుడు 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల ఫైళ్ళు పోయాయి. తడిసి, అంచులు కాలి మిగిలినవాటిని విమాన కర్మాగారంలోని శూన్య గదిలో పెట్టి ఆరబెట్టారు. అలా 60 లక్షలకు పైగా ఫైళ్ళు దక్కాయి. వాటిని ఇప్పటికీ ఒక్కొక్కటిగా శుభ్రం చేస్తూ వాడుతున్నారు. విశాఖ తీరంలో రొయ్యలను గడ్డకట్టించి ఎగుమతి చేసే శీతల కర్మాగారాలకు కొదవ లేదు. జిల్లా యంత్రాంగం వాటితో ముందే ఒప్పందం చేసుకుంటే, అగ్నిప్రమాదం జరిగిన రాత్రే తడిసిన దస్త్రాలను అక్కడికి చేర్చవచ్చు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉండే ఏర్పాటు ఇది.

ఆరిన కాగితానికి మరమ్మతు తర్వాతి దశ. చిరిగిన అంచుకు గోధుమ గంజితో పలచటి జపాన్ కాగితం అతికిస్తారు. బాగా పెళుసైన వాటికి ఇరువైపులా పట్టు షిఫాన్ గుడ్డ అతికించడం మన దేశపు ఆర్కైవ్స్‌లో చాలాకాలం నడిచింది. 1950ల నుంచి ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం సెల్యులోజ్ అసిటేట్ పొరను అసిటోన్‌తో కరిగించి, యంత్రం లేకుండా చేత్తోనే కాగితానికి అంటించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. కరెంటు, ఖరీదైన యంత్రాలు లేని కచేరీలకు అది వరమైంది. కాలక్రమంలో ఆ పొర ఆమ్లం విడిచి కాగితాన్ని పాడుచేస్తుందని తేలాక, అవసరమైతే విప్పి తీయగలిగే గంజి అతుకు వైపే పనివారు మళ్ళీ మొగ్గారు. ఏ మరమ్మతుకైనా ముందు నకలు తీయాలి. 1731లో లండన్‌లో కాటన్ గ్రంథాలయం కాలినప్పుడు బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లీషు కావ్యపు ఏకైక ప్రతి అంచులు మాడి, ఏటేటా రాలిపోతూ వచ్చాయి. 1780లలో ఐస్‌లాండ్ పండితుడు థోర్కెలిన్ రాయించిన, రాసిన నకళ్ళలో ఉన్న చాలా అక్షరాలు ఇప్పుడు మూలంలో లేవు. కాలిన దస్త్రం మంట ఆరిన తర్వాత కూడా దశాబ్దాల పాటు పోతూనే ఉంటుంది.

భూమి దస్త్రాల విషయంలో నకలు వెతకడానికి ఒక వరస ఉంది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం దాకా విజయనగరం, బొబ్బిలి వంటి జమీందారీల్లో లెక్కలు ఎస్టేటు కచేరీల్లోనే ఉండేవి. ఆ తర్వాత సర్వే జరిపి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ తయారుచేసి రైత్వారీ పట్టాలిచ్చారు. అడంగల్, పొలం కొలతల ఎఫ్.ఎం.బి. పటాలు ఊళ్ళో, తాలూకాలో, జిల్లా సర్వే కార్యాలయంలో, హైదరాబాద్ కేంద్ర సర్వే కార్యాలయంలో వేర్వేరు ప్రతులుగా ఉండేవి. అమ్మకం, తనఖా దస్తావేజులు సబ్ రిజిస్ట్రార్ పుస్తకాల్లో నకలై ఉంటాయి. 1998 నుంచి రిజిస్ట్రేషన్లు కంప్యూటర్‌లోకి ఎక్కాయి. 1984 జనవరిలో కరణాల వ్యవస్థ రద్దయి లెక్కలు చేతులు మారినప్పుడు కొన్ని పాత కట్టలు కరణాల ఇళ్ళలోనే ఉండిపోయాయి. అలాంటి ఇంటి కట్ట ఒక్కోసారి కచేరీలో లేని మాటను చెబుతుంది.

2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు చెలరేగి రెండు వేలకు పైగా దస్త్రాలు కాలినప్పుడు ఈ వరసే పరీక్షకు వచ్చింది. మంట ఎలా పుట్టిందన్న విచారణ ఒక దారిన నడిచింది. మిగిలిన ముక్కలను ఏరి, తహసీల్దారు కార్యాలయాల్లో, కలెక్టరేటులో ఉన్న ప్రతుల నుంచి దస్త్రాలను మళ్ళీ కూర్చే పని మరో దారిన నడిచింది. ఇలాంటి చోట ఉత్తర ప్రత్యుత్తరాలు ఎక్కువగా దొరుకుతాయి, ఎందుకంటే పంపినవారి దగ్గర ఒకటి, అందుకున్నవారి దగ్గర ఒకటి ఉంటుంది. దొరకనివి అధికారి దస్త్రం లోపల రాసుకున్న వ్యాఖ్యలు, వాంగ్మూలాల మూలాలు, చేత్తో గీసిన స్కెచ్‌లు. కంప్యూటర్‌లో ఉన్నది చాలావరకు ఫలితమే. ఆ ఫలితానికి ఎలా వచ్చారన్నది ఆ ఒక్క దస్త్రంలోనే ఉంటుంది. భూవివాదంలో పేదవాడికి పనికొచ్చేది కూడా తరచుగా ఆ భాగమే.

చట్టం ఈ నష్టానికి చోటిచ్చింది. మూలం నశిస్తే దాని నకలునో, చూసినవారి మౌఖిక సాక్ష్యాన్నో ద్వితీయ సాక్ష్యంగా తీసుకోవచ్చని 1872 నాటి సాక్ష్య చట్టం 65వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 60వ సెక్షన్‌లో దాన్ని నిలుపుకుంది. ఆ సాక్ష్యం నిలబడాలంటే మళ్ళీ కూర్చిన దస్త్రంలో ప్రతి కాగితం మీద అది ఏ కార్యాలయం నుంచి, ఏ పుస్తకం ఏ పుట నుంచి, ఏ తేదీన తెచ్చారో రాసి, ధ్రువీకరించిన అధికారి సంతకం ఉండాలి. దొరకని పుటల సంఖ్యలను ఖాళీగానే చూపాలి, అందాజుగా పూరించకూడదు. కాలిన మూలపు ముక్కలను కొత్త దస్త్రంలో కలపకుండా, ఆమ్లం లేని అట్టపెట్టెలో దస్త్రం నంబరుతో విడిగా ఉంచాలి. నేడు చదవలేని ముక్కను రేపటి కెమెరా చదవవచ్చు. 1922లో డబ్లిన్ రికార్డుల భవనం కాలినప్పుడు ఏరి కట్టిన మాడిన కట్టలను వందేళ్ళు గడిచాక విప్పి చదువుతున్నారు.